గేటు దగ్గర నేను లేను

ఆమె మాట్లాడితే జనం నవ్వుతారు. నేను మాట్లాడితే జనం గడియారం చూస్తారు. ఇరవై ఏళ్ళు ఒకే ఫ్యాక్టరీలో పనిచేసి, ఒకే వ్యానులో పక్కపక్క సీట్లలో కూర్చుని, ఈ తేడా చూసి నేను రోజూ కుళ్ళుకున్నాను. కుళ్ళుకున్నాను అనే రాస్తాను. యాభై ఏళ్ళు దాటిన మనిషిని, ఇంకా దానికి వేరే పేరు పెట్టి దాచుకోవడం ఎందుకు?

మా ఫ్యాక్టరీ పుంగనూరు దాటి సదుం రోడ్డులో ఉండేది. టమోటా, మామిడి గుజ్జు తీసి, పెద్ద పెద్ద డ్రమ్ముల్లో నింపి బయటి దేశాలకు పంపేవాళ్ళం. నేను ల్యాబుకు హెడ్‌ని. ప్రతి డ్రమ్మూ బాగుందని కాగితం మీద నేను సంతకం పెడితేనే లారీ కదలాలి. ఆమె కొనుగోలుకు హెడ్. తెల్లారకముందే మదనపల్లె మార్కెట్లో కాయ చూసి, ఏ బండి మా ఫ్యాక్టరీకి రావాలో తేల్చేది. నాకంటే రెండేళ్ళు పెద్దది. నేను ఆమెను అక్కా అనేదాన్ని. నలుగురిలో ఆమె నన్ను మేడం అనేది, ఇద్దరమే ఉంటే "ఏమ్మే" అనేది.

రైతులకు ఆమె అంటే ప్రాణం. మా మేనేజరుకు కూడా ఆమె అంటేనే ఇష్టం. క్యాంటీన్‌లో వడ్డించే అమ్మ ఆమెకు అప్పడం రెండోది వేసేది, నాకు వేసేది కాదు. చిన్న విషయమే. కానీ ఇరవై ఏళ్ళ అప్పడాలు!

మూడేళ్ళ క్రితం ఫ్యాక్టరీ మూతపడింది. యజమానుల కొడుకులు ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు, యంత్రాలు విడగొట్టి అమ్మేశారు. యాభై దాటిన ఆడవాళ్ళం ఇద్దరం ఒకే రోజున ఇంట్లో కూర్చున్నాం. కొన్నాళ్ళకు కుప్పం దగ్గర కొత్తగా గుజ్జు ఫ్యాక్టరీ పెడుతున్నారని, మొత్తం ప్లాంటును చూసుకునే హెడ్ కావాలని తెలిసింది. పోస్టు ఒక్కటే. ఇద్దరం దరఖాస్తు పెట్టాం. నేను పెట్టినట్టు ఆమెకు నేను చెప్పలేదు. ఆమె పెట్టిన రోజే ఫోన్ చేసి, "నువ్వు కూడా పెట్టు మే, ఎవురికొచ్చినా మనకే గదా" అంది. పెట్టేశానని అప్పుడు చెప్పుకోవాల్సి వచ్చింది.

మాలాంటి వాళ్ళ కోసం మదనపల్లెలో ఒకావిడ తన మిద్దె మీద ఆదివారాల పూట క్లాసు నడిపేది. బెంగళూరులో పెద్ద కంపెనీలో మనుషుల్ని ఉద్యోగంలోకి తీసుకునే పని ముప్పై ఏళ్ళు చేసి వచ్చింది. మేము ఆమెను క్లాసు మేడం అనేవాళ్ళం. బ్యాంకు నుంచి ముందే బయటికొచ్చిన మేనేజరు, ఒక స్కూలు ప్రిన్సిపాలు, ఒక హెడ్ నర్సు, మేమిద్దరం. అందరం తల నెరిసినవాళ్ళమే, అందరం కొత్త ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్ళమే.

"మీ రెజ్యూమెలు నాకు చూపించొద్దు" అంది క్లాసు మేడం మొదటి ఆదివారమే. "మీ వయసు వాళ్ళను రెజ్యూమె చూసి ఎవరూ తీసుకోరు. మీరే ఒక నిర్ణయం తీసుకున్న రోజు ఒకటి కథలాగా చెప్పండి. వినేవాళ్ళు ఆ రోజులో మిమ్మల్ని చూడాలి."

ముందు నా వంతు. లేచి నిలబడి చెప్పాను. "ఇరవై ఏళ్ళు ల్యాబు చూసుకున్నాము. దేవుడి దయ వల్ల అన్ని తనిఖీలూ బాగానే జరిగాయి. మేనేజరుగారి సహకారంతో, అందరి కృషితో ఏదో నెట్టుకొచ్చాము." అంతే, అయిపోయింది.

క్లాసు మేడం కళ్ళద్దాలు తీసి నన్ను చూసింది. "ఇందులో మీరు ఎక్కడున్నారమ్మా?"

ఏం చెప్పను? నేను నిమ్మనపల్లె దగ్గర రైతు కూతుర్ని. చెట్లు విరిగేట్టు టమోటా కాసిన ఏడాది కూడా మా నాయన మార్కెట్లో "ఏం పండిందప్పా, అంతంత మాత్రమే" అనేవాడు. మంచి పంట వచ్చిందని బయటికి చెప్తే దిష్టి తగులుతుందని మా ఇళ్ళల్లో భయం. ఎవరైనా పొలం గట్టున నిలబడి "బో కాసిందే!" అంటే, మా అమ్మ ఆ సాయంత్రమే మిరపకాయలు, ఉప్పు తీసి పొయ్యిలో వేసేది. చేసింది తక్కువ చేసి చెప్పుకోవడం నాకు పాలతో పాటు వచ్చింది.

ఆమెది మదనపల్లెలో బట్టల అంగడి కుటుంబం. జాకెట్టు గుడ్డ కోసం వచ్చిన మనిషి ముందు పది పట్టుచీరలు విప్పి పరిచే ఇల్లు. సరుకు దాచుకుంటే ఎవరు కొంటారు? ఆ ఆదివారం ఆమె తన సరుకు పరిచింది.

"గేటు బయట నలభై బండ్లు నిలబడుండాయి మేడం" అని మొదలుపెట్టింది.

ఆ రోజు నాకు తెలుసు. జూన్ నెల, టమోటా ముమ్మరంగా వస్తున్న రోజులు. ఫ్యాక్టరీలో పని ఆగిపోయింది, మరుసటి రోజు దాకా కాయ తీసుకోలేమని తేలింది. బయట నలభై టెంపోలు, వాటిలో కాయ ఎండకు మెత్తబడుతోంది. రైతులు గేటు పట్టుకుని ఊపుతున్నారు. ఆమె ఒక్కతే గేటు దగ్గరికి పోయి, ఖాళీ క్రేటు బోర్లించి దాని మీద నిలబడింది. ఒక ముసలాయన "ఆడదానికేం తెలుసు కాయ సంగతి, మొగోళ్ళను పిలువు" అని అరిస్తే, "నాయనా, నీ బండిలో మూడో వరసలో కాయ నీళ్ళు కారతాండాది, నువ్వు సూసుకున్నావా?" అందట. ఆయన పోయి చూసుకుంటే నిజంగానే కారుతోందట. అందరూ నవ్వేశారట. తర్వాత ఒక్కో బండి ఎక్కి కాయ నొక్కి చూసి, మెత్తబడిన బండ్లను వేరే ఫ్యాక్టరీకి ఫోన్ చేసి పంపించి, గట్టి కాయను నీడకు పెట్టించింది. ఒక్క బండి కూడా కాయ రోడ్డు మీద పారబోయలేదు.

ఆమె చెబుతుంటే ప్రిన్సిపాలు నోరు తెరుచుకుని వింది. హెడ్ నర్సు ముసలాయన దగ్గర పగలబడి నవ్వింది. బ్యాంకు మేనేజరు కళ్ళు తుడుచుకుంది, ఎందుకో నాకు తెలియదు. నేను మాత్రం ఒక్క మాట దగ్గరే ఆగిపోయాను. ఫ్యాక్టరీలో పని ఎందుకు ఆగిందో ఆమె ఇలా చెప్పింది: "లోపల ఏదో మిషన్ సమస్య వచ్చింది."

ఏదో మిషన్ సమస్య!

ఆ సమస్య నేను. గుజ్జును మరగబెట్టి క్రిములు చంపే యంత్రంలో ఆ రోజు వేడి కొన్ని నిమిషాలు పడిపోయింది. గ్రాఫ్ కాగితం మీద గీత కిందికి దిగడం నేను చూశాను. అప్పటికే డ్రమ్ములు నిండిపోయాయి, చెన్నై రేవుకు పోయే లారీ సిద్ధంగా ఉంది. సంతకం పెట్టమని మేనేజరు మీదికొచ్చాడు. నేను పెట్టలేదు. లైను మొత్తం ఆపించి కడిగించాను. అందుకే బయట నలభై బండ్లు ఆగాయి. నేను లేకపోతే ఆమెకు గేటూ లేదు, క్రేటూ లేదు, ముసలాయనా లేడు. అంత పెద్ద కథలో నేను "ఏదో మిషన్ సమస్య" అయిపోయాను.

ఆ ఆదివారం క్లాసు నుంచి ఇంటికొచ్చి అన్నం తినలేదు. కోపం ఆమె మీదా, నా మీదా అంటే, ఆమె మీదే. నా సంగతి నేనే చెప్పుకుని ఉండొచ్చు కదా అని మీరు అడగొచ్చు. చెప్పుకోలేకనే కదా ఈ ఏడుపు. గ్రాఫ్ కాగితం, సంతకం పెట్టకపోవడం. అందులో ఎవరు నవ్వాలి? ఎవరు ఏడవాలి?

ఇంటర్వ్యూకి ఇద్దరం ఒకే బస్సులో కుప్పం పోయాం. ఆమె ఇద్దరికీ చిత్రాన్నం కట్టుకొచ్చింది. పలమనేరు దగ్గర బస్సు ఆగినప్పుడు నా చీర కుచ్చిళ్ళు సరిచేసి, తన దగ్గరున్న పిన్ను తీసి నా భుజానికి పెట్టింది.

"ఏం సెప్తాండావు మే?" అంది.

"ఏదో ఒకటి చెప్తాలే అక్కా."

"ఏదో ఒకటి అనొద్దు. నువ్వు సేసింది గట్టిగా సెప్పు. సిగ్గుపడే వయసా మనది?"

తన గేటు కథ నాకు ఇంకోసారి చెప్పి చూసుకుంది. ముసలాయన దగ్గర ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు పెంచాలో నన్నే అడిగింది. నేను చెప్పాను కూడా. బస్సు కుప్పం చేరేసరికి ఆ కథ నాకు నోటికొచ్చేసింది.

పిలుపు వరసలో నాది ముందు. లోపల ముగ్గురు ఉన్నారు. ఫ్యాక్టరీ యజమాని, బెంగళూరు నుంచి వచ్చిన ఒక ఆడమనిషి, ఆహార పరీక్షల్లో పేరున్న ఒక పెద్దాయన. కొంచెం సేపు చదువు గురించి, యంత్రాల గురించి అడిగారు. అన్నీ చెప్పాను. పెద్దాయన తల ఊపాడు. తర్వాత బెంగళూరు ఆవిడ, క్లాసు మేడం చెప్పినట్టే, అచ్చం అలాగే అడిగింది. "మీరే నిర్ణయం తీసుకున్న ఒక రోజు చెప్పండి."

నాకు డ్రమ్ములు గుర్తొచ్చాయి. గ్రాఫ్ కాగితం గుర్తొచ్చింది. నోరు తెరిచాను.

"గేటు బయట నలభై బండ్లు నిలబడి ఉన్నాయి సార్" అన్నాను.

ఒట్టు, ముందే అనుకుని పోలేదు. కానీ ఆ మాట బయటికొచ్చాక వెనక్కి తీసుకోవాలని కూడా అనిపించలేదు. క్రేటు బోర్లించాను. దాని మీద నిలబడ్డాను. ముసలాయన అరిచాడు. మూడో వరసలో కాయ నీళ్ళు కారింది. బస్సులో ఆమెను ఆగమన్న చోటే నేనూ ఆగాను. బెంగళూరు ఆవిడ పకపకా నవ్వింది. యజమాని కుర్చీలో ముందుకు వంగాడు. ఒక గది నిండా మనుషులు నా మాటకు నవ్వడం నా జీవితంలో అదే మొదటిసారి. ఎంత బాగుంటుందో! ఇరవై ఏళ్ళు ఆమె ఒక్కతే తింటున్నది ఇదా అనిపించింది. డ్రమ్ముల గురించి ఒకే ఒక్క మాట చెప్పాను. "లోపల ఏదో మిషన్ సమస్య."

బయటికొస్తే వరండాలో ఆమె ఎదురుచూస్తోంది. "ఎట్ల జరిగింది?"

"అంతంత మాత్రమే అక్కా."

ఆమె లోపలికి పోయింది. అప్పుడు తట్టింది నాకు. ఇప్పుడు ఆమె అదే కథ చెబుతుంది. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఇప్పుడే విన్నామే అంటారు. నన్ను మళ్ళీ లోపలికి పిలుస్తారు. లేచి వెళ్ళిపోదామా అనుకున్నాను, కానీ పోలేదు. తలుపు వైపే చెవి పెట్టి కూర్చున్నాను. ముసలాయన దగ్గర నవ్వు వినబడాలి. వినబడలేదు. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు, అరగంట. లోపలి నుంచి ఒక్క నవ్వు రాలేదు. సిగ్గు లేకుండా రాస్తున్నాను, నాకు సంతోషమేసింది. ఆమె మాట్లాడుతుంటే మనుషులు నవ్వని రోజు కూడా ఒకటి వచ్చింది కదా అనుకున్నాను.

ఆమె బయటికొచ్చింది. మొహం పాలిపోయి ఉంది. నన్ను ఒక్క చూపు చూసి, "పోదాం పా, బస్సు పోతాది" అంది. నన్ను లోపలికి ఎవరూ పిలవలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని కళ్ళు మూసుకుంది. బస్సు పుంగనూరు దాటింది. దాటాక కళ్ళు తెరవకుండానే, "ఈ పొద్దు నన్ను జూసి ఎవురూ నవ్వలేదు మే" అంది. నేను విననట్టు ఊరుకున్నాను.

ఉద్యోగం నాకొచ్చింది.

ఆమెకు ఫోన్ చేసి చెప్పాను. "మంచిది. బాగా సేసుకో" అంది. అంతకు ముందు రోజుకు రెండుసార్లు మాట్లాడుకునేవాళ్ళం. ఆ తర్వాత ఉగాదికి ఒకసారి, వినాయక చవితికి ఒకసారి. ఆమె తమ్ముడి బట్టల అంగట్లో కూర్చుంటోందని, ఆమె వచ్చాక గిరాకీ పెరిగిందని హెడ్ నర్సు చెప్పింది. అది విన్నప్పుడు కూడా నాకు కడుపులో మండింది. ఉద్యోగం పోయి అంగట్లో కూర్చున్న మనిషి మీద, పెద్ద కుర్చీలో కూర్చున్న నాకు మంట! ఆ గిరాకీ చీర కోసం కాదు, ఆమె మాట కోసం వస్తుందని నాకు తెలుసు.

కుప్పంలో ఇల్లు తీసుకున్నాను. ప్లాంటు బాగానే నడిపాను. కాగితాలు, యంత్రాలు, శుభ్రత, ఇవన్నీ నాకు కొట్టిన పిండి. మొదటి సీజన్ ఏ గొడవా లేకుండా గడిచింది. రెండో సీజన్లో, నిండు జూన్‌లో, ఒక ఉదయం బాయిలర్ నిలిచిపోయింది. సాయంత్రం దాకా బాగుకాదని తేలింది. గేటు బయట ముప్పై బండ్లకు పైగా ఆగిపోయాయి.

సూపర్‌వైజర్లు వచ్చి నా గదిలో నిలబడ్డారు. కొనుగోలు చూసే అతను అంతకు ముందే ఒక రైతుతో గొడవపడి చొక్కా చింపించుకుని వచ్చాడు. "మేడం, మీరే రావాల. మీరైతే మాట్లాడతారు. పుంగనూరులో నలభై బండ్లు ఆపినారంట గదా" అన్నాడు. ఇంటర్వ్యూలో నేను చెప్పిన కథ ఎవరి నోటి నుంచి పాకిందో, ప్లాంటు మొత్తం తెలిసిపోయింది.

పోయాను. క్రేటు బోర్లించి ఎవరో వేశారు కూడా. ఎక్కాను. ముప్పై బండ్ల మనుషులు నా వైపు చూశారు.

"దయచేసి అందరూ సహకరించాలని మనవి" అన్నాను.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత గోల మొదలైంది. "మనవి ఏందమ్మా, కాయ సస్తాండాది ఈడ!" అని ఒకాయన. "సదువుకున్నోళ్ళను గేటు కాడికి పంపిస్తారా యాడన్నా?" అని ఇంకొకాయన. ఎవరో ఒక క్రేటు కాయ తెచ్చి గేటు ముందర పోసేశాడు. గట్టిగా మాట్లాడదామని చూశాను, గొంతు పైకి లేచి కీచుమంది. నవ్వారు. ఈ నవ్వు వేరు. క్రేటు దిగి, గోడ పక్కకు పోయి, ఆమెకు ఫోన్ చేశాను. వేరే దారి లేదు నాకు.

"ఏమ్మే, ఏం ఈ టయంలో?"

"అక్కా, గేటు కాడుండా. బండ్లు ఆగిపోయినాయి. నాకు మాట రాలా."

ఆమె వెనక అంగడి సందడి వినబడుతోంది. అంగట్లో ఎవరో చీర ధర అడుగుతున్నారు. నేను చేసిన దొంగతనం గురించి ఇప్పుడు అడుగుతుందనుకున్నాను. అడగలేదు. "స్పీకర్ పెట్టు" అంది.

క్రేటు మీద నిలబడి ఫోను పైకెత్తి పట్టుకున్నాను. "అప్పా, నేను మదనపల్లె నుంచి మాట్లాడతాండా, ఇరవై ఏండ్లు మార్కెట్లో మీ కాయ కొనిన దాన్ని" అంది ఆ ఫోను. "ఈడ నాకు మీరెవురూ కనబడరు. ఆ ముందర అరస్తాండేది ఎవురప్పా? గొంతు బాగుండాది, పేరంటాలకు పిలిపిస్తా." నవ్వు. "మేడం సేతికి కాయ ఇయ్యండి. మేడం, నొక్కి సూడు. మెత్తగుండాదా, గట్టిగుండాదా? గట్టిగా సెప్పు, వాళ్ళకు వినబడాల." నేను ఒక్కో బండి దగ్గరికి పోయి కాయ నొక్కి చెప్పాను. ఏది వేరే ఊరికి పోవాలో, ఏది నీడకు పోవాలో ఆమె తేల్చింది. ఆమె మాట, నా చెయ్యి. గంటన్నరలో గేటు ఖాళీ అయింది. "అయిందా? గిరాకీ వచ్చినారు, పెట్టేస్తాండా" అని పెట్టేసింది.

క్రేటు దిగుతుంటే చుట్టూ ఉన్నవాళ్ళు నన్ను కాదు, నా చేతిలో ఫోనును చూస్తున్నారు.

యజమాని ఆఫీసు మెట్ల మీద నిలబడి అంతా చూశాడు. గదికి పిలిచి, "ఫోన్‌లో మాట్లాడింది ఎవరు మేడం?" అన్నాడు.

చెప్పేశాను. "ఆ రోజు పుంగనూరులో గేటు దగ్గర మాట్లాడింది ఆవిడే సార్. నేను కాదు. నేను గేటు దగ్గర లేను. మీకు అబద్ధం చెప్పాను." నిజాయితీ పుట్టుకొచ్చి చెప్పాననుకోకండి. ఒక మాట అడక్కుండా, ఎత్తిపొడవకుండా ఆమె నాకు చేసిన సాయం నేను మోయలేకపోయాను. ఆమె దయ మీద ఆ కుర్చీలో కూర్చోవడం కంటే కుర్చీ పోవడమే నయమనిపించింది.

ఆయన ఆశ్చర్యపోలేదు. "మాకు ఆ రోజే తెలుసు మేడం" అన్నాడు.

ఇంటర్వ్యూ రోజున నేను బయటికొచ్చాక ఆమె లోపలికి పోయి, "గేటు బయట నలభై బండ్లు" అని మొదలుపెట్టిందట. బెంగళూరు ఆవిడ ఆపి, ఈ కథ ఇప్పుడే విన్నాం, అందులో గేటు దగ్గర ఉన్నది ముందు వచ్చిన మేడం కదా అందట. ఆమె తిరిగి తలుపు వైపు ఒకసారి చూసిందట. తర్వాత, "గేటు సంగతి ఇడిసిపెట్టండి సార్, అది మాటల పని. ఆ పొద్దు లోపల ఏం జరిగిందో ఎవురూ సెప్పలేదు మీకు. అది ఇనండి" అందట.

ఆయన నాకు నా కథ చెప్పాడు. రైతులకు ఏం చెప్పాలో అడగడానికి ఆమె ల్యాబు దాకా వచ్చి అద్దం బయట ఆగిందట. మేనేజరు పెన్ను మూత తీసి మరీ నా చేతిలో పెట్టాడట. నేను ఆ మూత అడిగి తీసుకుని, పెన్నుకు పెట్టి, పెన్నును ఆయన జేబులో తిరిగి పెట్టేశానట. ఆయన బల్ల గుద్ది వెళ్ళిపోయాక, నేను ల్యాబు వెనక కుళాయి దగ్గరికి పోయి వాంతి చేసుకున్నానట. మొహం కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, మళ్ళీ వచ్చి ఆ డ్రమ్ముల ముందు నిలబడ్డానట, ఎవరైనా కదిలిస్తారేమోనని.

పెన్ను మూత సంగతి నేనే మర్చిపోయాను. వాంతి సంగతి ఎవరూ చూడలేదనుకున్నాను.

"ఆవిడ చెబుతుంటే మా ముగ్గురిలో ఒక్కరం కూడా కదల్లేదు మేడం. అబద్ధం చెప్పారని తెలిసే, ఆ రోజు సంతకం పెట్టనందుకే తీసుకున్నాం మిమ్మల్ని. అప్పుడు ఒక్క పోస్టే ఉంది మా దగ్గర" అన్నాడు యజమాని.

నేను నా గదికి వచ్చి తలుపు వేసుకున్నాను. అరగంట దాకా ఫోను ముట్టుకోలేకపోయాను. తర్వాత చేశాను.

"అక్కా, నా డ్రమ్ముల కత నువ్వు చెప్పినావంట."

"సెప్పినా."

"యాల చెప్పినావు?"

"యాలంటే ఏం సెప్పేది?" ఆమె గొంతులో నవ్వు లేదు. అంత కోపం ఆ గొంతులో నేనెప్పుడూ వినలేదు. "నాకుండేది ఆ ఒక్క కత. దాన్ని నువ్వు తినేసొచ్చినావు. ఇంగ నా నోట్లో మిగిలింది నీ కతే. ముగ్గురు మనుషులు నా ముందర కూసోనుండారు, ఏదో ఒకటి సెప్పల్ల గదా? అదే సెప్పినా. నువ్వు అడిగింటే గేటు కత నీకే ఇచ్చేసుందును మే. బస్సులో పక్కనే కూసోనుంటి గదా. అడగాల్సింది."

క్షమించమని అడగడానికే చేశాను ఆ ఫోను. తప్పయిపోయింది అక్కా అనాలి. ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది. కానీ నేనుండే ఆ రోజు, ఇన్నేళ్ళు నాలోనే పడి ఉన్న ఆ రోజు, నేను ఒక్కసారి కూడా చెప్పుకోలేని ఆ రోజు, ఆమె నోటి మీదుగా పోయి ముగ్గురు మనుషుల్ని కదలకుండా కూర్చోబెట్టింది. నాకు ఇంకేమీ కనబడలేదు.

"అంత బాగా ఎట్ల చెప్పినావక్కా?" అన్నాను.

ఆమె ఫోను పెట్టేసింది.